‘అదేం చెయ్యదులే’ అను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలం: “ఒరే, అదేం చెయ్యదులే, కదలకు!”

అవతారిక: తలకోనలో 270 అడుగుల జలపాతం చూచి, పులిహోర సగం తిని, మిగిలిన సగం సంచిలో వేసుకొని నెరబైలు వైపు మరలుచుండగా, పొద్దు వాలువేళ, చెదపుట్టను త్రవ్వుచున్న ఎలుగుబంటిని చూచి మిత్రుడు ఈ వ్యాఖ్యాతతో పలికిన వాక్యమిది. ఎలుగు చెదలను పీల్చు చప్పుడు వేడి పాయసం జుర్రినట్లు దూరానికే వినబడును. ఎలుగు కంటబడకముందు వక్త ఆ చప్పుడును అడవిపందిదిగా నిర్ణయించి ముందుకు నడిచెను. ఈ నిర్ణయం మూలంలో లేదు గనుక విడిచిపెట్టుచున్నాము.

ప్రతిపదార్థం: ఒరే = ఓ మిత్రమా; అది = ఆ ఎలుగుబంటి (రాత్రివేళ పామును పురుగనినట్లే ఇచ్చటను పేరెత్తకుండుట క్షేమార్థం); ఏం చెయ్యదు = ఏ హానియు చేయదు; లే = పలికినవానికే నమ్మకం చాలదని తెలుపు అవ్యయం; కదలకు = ఉన్నచోటనే నిలువుము. ఈ చివరి విధి శ్రోతకు మాత్రమే. వక్త అప్పటికే మద్దిచెట్టు వెనుక ఉండుటచే ఆయనకు వర్తించదు.

పూర్వపక్షం: “చెయ్యదనుటకు ప్రమాణమేమి?” అని అడుగగా, “జాంబవంతుడి జాతి కదరా!” అని వక్త సమాధానం.

సిద్ధాంతం: ఇది నిలువదు. ఆ జాంబవంతుడే శమంతకమణి కొరకు సాక్షాత్తు కృష్ణునితో రోజుల తరబడి పోరాడినాడు. పులిహోర సంచి మోయువారిని ఉపేక్షించునని పూచీ ఎక్కడిది? మరియు ఎలుగుకు చూపు మందం, ముక్కు చురుకు. తిండి ధ్యాసలో నుండగా మనిషి ఒక్కసారిగా దగ్గరపడినచో బెదరి మీదపడును. పైదవడ ముందరి రెండు పళ్ళు లేకపోవుట చెదలను పీల్చుటకు అనువు. ఆ లోటు చూచి సాధువనుకొనువారు గోళ్ళను కూడ చూడవలెను. ఇక మద్దిచెట్టు సంగతి. బడి పుస్తకంలో చెట్టెక్కిన స్నేహితుడు బతికినాడు గాని, మన అడవి ఎలుగుకు చెట్టెక్కుట బాగుగా వచ్చును. కావున వక్త ఆశ్రయము వక్త వాక్యమంత గట్టిది.

అలంకారం: ఎలుగు వెనుకకాళ్ళపై లేచి, గాలి వాసన చూచి, పొదలలోకి పోవుట స్వభావోక్తి. వక్త ధైర్యం కేవలం ఉత్ప్రేక్ష.

పాఠాంతరములు: అడవిలో ఎలుగు యాభై అడుగుల దూరాన నుండెను. భాకరాపేట టీకొట్టు ప్రతిలో ఇరువది. తిరుపతి ఇంటి ప్రతిలో చేయి చాచినంత. అందు చెట్టు వెనుక నున్నవాడు వ్యాఖ్యాత! ఈ ప్రతి వక్త భార్య సమక్షంలో వెలువడినది గనుక ప్రక్షిప్తమని మా దృఢాభిప్రాయం.

తాత్పర్యం: వాక్యంలో మొదటి సగం నిరాధారం. రెండవది సగం ఒప్పు: పరుగెత్తరాదు నిజమే, కాని స్తంభంవలె నిలిచి అది దగ్గరకు వచ్చువరకు ఎదురుచూడనక్కరలేదు. కావున మూలమును ఇట్లు సవరించుచున్నాము: “ఒరే, అదింకా మనల్ని చూళ్ళేదు, పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి రా.” తలకోన పోవువారు ఈ పాఠమునే కంఠస్థం చేయవలెను, వక్తలు మరింత శ్రద్ధగా.