కార్పొరేషన్ మాష్టారు

గుణదలలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మొదటి వారంలోనే ఒక ప్రశ్న వేస్తారు. "ఈ మురుక్కాలవ ఎప్పుడు తీస్తారండీ?" అని. అడిగింది మా కార్పొరేషన్ మాష్టారినైతే ఆ సాయంత్రం ఇక వాళ్ళది కాదు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. పద్దులు రాసి రిటైరైన మనిషి. ఇలాంటివారు బెజవాడలో పేటకొకరుంటారు. వాళ్ళ కోర్సుకి ఫీజు లేదు, తప్పించుకునే దారీ లేదు.

పాఠం 1888లో మొదలవుతుంది, అది బెజవాడ మునిసిపాలిటీ అయిన ఏడు. అక్కణ్ణుంచి 1981కి దూకుతారు. "కార్పొరేషనూ మా పెద్దాడూ ఒకే ఏడు పుట్టారు" అంటారు. పెద్దాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. కార్పొరేషన్ మాత్రం ఆయన దగ్గరే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చిందని చెప్పి, పట్టణాలకు అప్పగించదగ్గ 18 పనులూ వేళ్ళమీద లెక్కపెడతారు. తన వేళ్ళు చాలక ఎదుటివాడి చెయ్యి కూడా పట్టుకుంటారు.

తర్వాత ప్రాక్టికల్స్. వెలగని వీధిదీపం కింద మనల్ని నిలబెడతారు.

"చూడు బాబూ, స్తంభం కరెంటాఫీసుది, లైటు కార్పొరేషన్‌ది. స్తంభం ఒరిగితే అక్కడికి, లైటు పోతే ఇక్కడికి."

"మరి ఆ వేలాడే కేబుల్ తీగ ఎవరిది మాష్టారూ?"

"అది కొండమీద మేరీమాతకే తెలియాలి."

అక్కణ్ణుంచి పడవల రేవు దాకా నడిపిస్తారు. ఏలూరు కాలవ ఇరిగేషన్‌వారిది, అందులో కలిసే మురుగు మనది, స్టేషన్ పక్క జాగా రైల్వేది. గాలికి దొర్లే ఒక ప్లాస్టిక్ సీసా పది నిమిషాల్లో ఎన్ని శాఖలు మారుతుందో ఆయన వర్ణిస్తుంటే వినాలి.

చివర్లో పరీక్ష. కుళాయిలో మురికినీళ్ళొస్తే ఎవరి దగ్గరికెళ్ళాలి? ఎమ్మెల్యే అన్నవాడికి సున్నా. కార్పొరేటర్ అంటే సగం మార్కు. ముఖ్యమంత్రికి ట్వీట్ చేస్తానన్న కుర్రాణ్ణి మాష్టారు కాసేపు జాలిగా చూశారు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి అర్జీ ఇచ్చి, నంబరు తీసుకుంటాననేవాడికే పూర్తి మార్కులు. 2019 అక్టోబరు 2న ఈ సచివాలయాలు మొదలయ్యాక మాష్టారికి బస్సు ఖర్చు మిగిలింది, సెక్రటరీలకు మాత్రం ఆయనో అదనపు డ్యూటీ అయ్యారు. అయినా సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కార్పొరేషన్ ఆఫీసులో గ్రీవెన్స్‌కి వెళ్ళొస్తూనే ఉంటారు. తనకి అర్జీ లేకపోతే పక్కింటివాళ్ళది పట్టుకెళతారు.

నంబరు లేని కాగితాన్ని ఆయన నమ్మరు. మొన్నొక పెళ్ళిలో చదివింపులు రాయించి, "నా వరస నంబరెంతండీ?" అని అడిగారు. రాసేవాడు బిక్కమొహం వేసి, నలభయ్యో ఏదో చెప్పాడు. మాష్టారు జేబులో చిన్న పుస్తకం తీసి ఎక్కించుకున్నారు.

నవ్వుతాం గానీ, 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు టీకొట్టు దగ్గర అందరూ అందర్నీ తిట్టారు. గండి పూడ్చడం ఇరిగేషన్ పని, వీధుల్లో బురద ఎత్తడం కార్పొరేషన్ పని అని విడమర్చింది ఆయనొక్కరే. ఆ పూట ఎవరూ టైము చూసుకోలేదు.

ఆయన చాదస్తం భరించడం కష్టమే. కానీ ఏడాది ఆస్తిపన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే అయిదు శాతం తగ్గుతుందనీ, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలనీ మా వీధికి తెలిసింది ఆయన వల్లే. మా కార్పొరేటర్ పేరు కూడా ఆయన చెబితేనే తెలిసింది, ఓటేసింది మేమే అయినా.

మీ పేటలోనూ ఒకాయన ఉండే ఉంటారు. ఆయన ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగిపోతే పోయారు గానీ, అర్జీ ఇచ్చినప్పుడు మాత్రం నంబరడిగి తీసుకోండి.