పాత ట్రాక్టరుతో మంచు తోసేవాళ్ళు చెవిన పెట్టకూడని సలహాలు

"పాత బండి కదా, దేన్నైనా తట్టుకుంటుంది." నాకు అందిన మొదటి చెడ్డ సలహా ఇది. ఆ తర్వాత విన్నవన్నీ దీని పిల్లలే.

మేముండేది మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి వేలులా పొడుచుకెళ్ళిన కీవినా ద్వీపకల్పంలో. సరస్సు నీళ్ళలో ఇంకా కాస్త వెచ్చదనం ఉండగానే కెనడా వైపు నుంచి చలిగాలి వాటి మీదుగా వీస్తుంది. దారి పొడవునా తేమ తాగి, మా గట్టు ఎక్కగానే అదంతా మంచుగా దించేస్తుంది. 1978-79 చలికాలంలో ఇక్కడ 390.4 అంగుళాల మంచు పడింది, అంటే ముప్పై రెండున్నర అడుగులు. ఆ లెక్క చూపే ఎత్తైన కొలబద్ద హైవే పక్కన ఇప్పటికీ నిలబడి ఉంది. ఇంటి గుమ్మం నుంచి రోడ్డు దాకా మూడు వందల అడుగుల కంకర దారి ఉన్నవాడికి ఇలాంటి చోట పార సరిపోదు. ఈమధ్య మనవాళ్ళు కొందరు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళు కొంటున్నారు. ఇంటితో పాటు షెడ్డులో ఒక పాత ట్రాక్టరు కూడా వస్తోంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నాకు వచ్చింది ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 దాకా 5 లక్షలకు పైగా తయారైన బండి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు గేర్లు, వెనక హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టిన మూడు చేతుల లిఫ్టు. ఆ లిఫ్టుకి ఇనప బ్లేడు తగిలిస్తే అదే మంచు తోసే బండి. మన పొలాల్లో కల్టివేటరు తగిలించేది కూడా ఆయన పద్ధతిలోనే కాబట్టి మొదటి రోజే నాకిది చుట్టంలా అనిపించింది. కానీ చలికి మన అలవాట్లతో పనిలేదు.

అది నేర్పింది మా నాన్నగారి సలహా. బ్లేడు మంచులో దిగగానే వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయని ఫోన్లో చెబితే, "టైర్లలో నీళ్ళు పట్టించరా, బరువొస్తుంది" అన్నారు. కృష్ణా డెల్టాలో ముప్పై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి, అక్కడ ఆయన మాట అక్షరాలా నిజం. ఇక్కడ ఆ నీళ్ళు డిసెంబరుకల్లా టైరు లోపల రాయవుతాయి. గడ్డ కట్టిన టైరు నేల మీద పరుచుకోదు, పట్టు దొరకదు, లోపలి ట్యూబు కోసుకుపోతుంది. ఇక్కడివాళ్ళు పూర్వం కాల్షియం క్లోరైడు ఉప్పునీళ్ళు పోసేవారు. అది గడ్డ కట్టదు గానీ, ట్యూబుకి చిన్న చిల్లి పడిందా, రిమ్మును తినేస్తుంది. ఇప్పుడు చక్కెర దుంపల రసం నింపుతున్నారు, తుప్పు భయం లేదు. ఇంకా మంచిది, టైర్లకు ఇనప గొలుసులు చుట్టడం. నేను గొలుసులకే ఓటేస్తాను.

తర్వాతి సలహా బ్యాటరీ గురించి. "స్టార్టు కాకపోతే కారు బ్యాటరీతో ఒక్కసారి తాకించు." 8ఎన్‌ది 6 వోల్టుల బ్యాటరీ. పైగా మన కార్లకి విరుద్ధంగా దీనిలో పాజిటివ్ తీగ బండి ఇనుముకి బిగించి ఉంటుంది. అలవాటు కొద్దీ నెగటివ్‌ని బాడీకి తగిలించారో, తీగ కాలుతుంది, బ్యాటరీ పేలినా పేలొచ్చు. సరిగ్గానే తగిలించినా 12 వోల్టుల దెబ్బకి దీపాలు మాడతాయి, స్టార్టరు పళ్ళు విసురుగా కొట్టుకుంటాయి. అసలు జబ్బు చాలాసార్లు బ్యాటరీలో ఉండదు, తీగల్లో ఉంటుంది. వోల్టులు సగమైతే అదే పనికి కరెంటు రెండింతలు పారాలి, దానికి చిటికెన వేలంత లావు తీగలు కావాలి. ఎవరో ఎప్పుడో సన్నటి కారు తీగలు వేసి వదిలేసి ఉంటారు. తీగలు మార్చి, ఇనుము మీద తుప్పు గీకి, శుభ్రమైన చోట బిగించండి. సున్నాకి ఇరవై డిగ్రీలు కిందున్న పొద్దున కూడా ఇంజను తిరుగుతుంది.

"గేర్ ఆయిలు ముట్టుకోకు, అది జన్మంతా ఉంటుంది" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈ ట్రాక్టరులో గేర్లకి, వెనక ఇరుసుకి, లిఫ్టుకి అన్నిటికీ ఒకటే ఆయిలు, దాదాపు 19 లీటర్లు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోపల తేమ చెమర్చి అడుక్కి చేరుతుంది. లిఫ్టు పంపు కూర్చునేది ఆ అడుగునే. ఆ నీరు గడ్డ కడితే పంపు ఆ మంచులో ఇరుక్కుంటుంది, అప్పుడు పీటీవో (వెనక తగిలించిన యంత్రాలకు ఇంజను శక్తినిచ్చే షాఫ్టు) వేశారంటే విరిగేది ఇనుమే. అక్టోబరులో అడుగు మర తిప్పి ఒక గ్లాసు వంపి చూడండి. మజ్జిగలా తెల్లగా వస్తే మొత్తం దించి కొత్తది పోయండి.

లిఫ్టు గురించి ఇంకొక మాట. దీని పంపు పీటీవోతోనే తిరుగుతుంది, కాబట్టి క్లచ్ తొక్కితే లిఫ్టు ఆగిపోతుంది. మంచు గోడ దగ్గరికొచ్చి, కంగారులో క్లచ్ తొక్కి, లీవరు ఎంత లాగినా బ్లేడు లేవదు. "లిఫ్టు పోయింది, పంపు మార్చు" అంటారు చుట్టూ ఉన్నవాళ్ళు. పంపు బాగానే ఉంటుంది. బ్లేడు ముందు ఎత్తి, తర్వాత క్లచ్ తొక్కండి.

ఇప్పుడు, మనసు పెట్టి చదవమని నేను బతిమాలుకునే చోటు. రోడ్డు పక్క గుంటలో ఎవరి కారో దిగబడుతుంది, మీ దగ్గర ట్రాక్టరు ఉందని పిలుస్తారు. "గొలుసు పైన కట్టు, పట్టు బాగా దొరుకుతుంది" అని ఎవరో ఒకరు అరుస్తారు. దయచేసి వినకండి. గొలుసు వెనక ఇరుసు కన్నా పైన, లిఫ్టు పై చేతికో (టాప్ లింకు) సీటు కిందో కడితే, కారు కదలనంటున్నప్పుడు చక్రాలు తిరగడానికి బదులు ట్రాక్టరు ముందు భాగం లేస్తుంది. లేచాక వెనక్కి తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, క్లచ్ మీదకి కాలు వెళ్ళేంత సమయం ఉండదు. ఈ పాత బండ్లకు డ్రైవరును కాపాడే ఇనప చట్రం లేదు. మన దమ్ము మళ్ళలో దిగబడిన ట్రాక్టర్లు మనుషుల మీద పడేది కూడా ఇలాగే, ఆ భయం మీకు తెలిసిందే. గొలుసు కిందనున్న లాగుడు కడ్డీకే (డ్రాబారు) కట్టండి, మొదటి గేరులో మెల్లగా లాగండి. రాకపోతే వదిలేసి లాగుడు బండిని పిలవండి. కారు గుంటలో ఒక రాత్రి ఉంటే ఏమీ కాదు.

ఇంటి ముందు, గ్యారేజీ దగ్గర బ్లేడు తిరగదు, అక్కడ చేత్తో తోసే స్నో బ్లోయరు కావాలి. 1925లో క్యూబెక్‌కి చెందిన ఆర్థర్ సికార్డ్ తయారుచేసిన యంత్రానికి ఇది మనవడు. ఆయనకు ఆలోచన నూర్పిడి యంత్రం చూసి వచ్చిందంటారు. బ్లోయరు ముందున్న మరను పట్టి ఉంచే బోల్టులు కావాలనే మెత్తగా చేస్తారు. రాయి తగిలితే ముందు అవి తెగాలి, గేర్ బాక్సు దక్కాలి. నేను ఒక చలికాలంలో మూడుసార్లు అవి తెంపుకున్నాను. ఇనప సామాను కొట్లో మనిషి "ఇదిగో, ఇది ఎన్నటికీ తెగదు" అని గట్టి బోల్టు చేతిలో పెట్టాడు, సంతోషంగా బిగించాను. నిజంగానే తెగలేదు. మంచు కింద గడ్డకట్టిన వార్తాపత్రికల కట్ట తగిలిన రోజున గేర్ బాక్సు పగిలింది. బోల్టు తలకాయ చూసి కొనండి: ఆరు గీతలుంటే చాలా గట్టిది, మూడుంటే మధ్యస్థం, ఏ గీతా లేకపోతే మెత్తది. మీ యంత్రం పుస్తకం ఏది అడిగితే అదే వేయండి, నాలుగు అదనంగా జేబులో పెట్టుకోండి.

అదే యంత్రం గొట్టంలో తడి మంచు ఇరుక్కుంటే, "ఇంజను ఆపేశావుగా, చెయ్యి పెట్టి లాగెయ్" అంటారు. ఆపినా లోపలి రెక్క మీద బెల్టు బిగువు మిగిలి ఉంటుంది. మంచు వదలగానే అది ఒక్క చుట్టు తిరుగుతుంది, వేళ్ళకి అది చాలు. చలికి మొద్దుబారిన చేతికి తెగిన సంగతి కూడా వెంటనే తెలియదు. కర్రతో పొడవండి, ప్రతిసారీ.

మా పక్కింటి పెద్దాయన దగ్గర 1960ల నాటి మాసీ ఫెర్గూసన్ 35 డీజిలు ఉంది. మా నాన్నగారు నడిపింది మద్రాసు టాఫే కంపెనీ మాసీ. రెండు బండ్లనూ పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ములని ఎవరైనా చెప్పగలరు. పెద్దాయన బండి పొద్దుటి మొరాయింపు చూసి, స్టార్టు కావడానికి ఈథరు కొట్టమని చాలామంది చెప్పారాయనకి. గాలి దారిలో వేడి తీగ ఎర్రగా ఉండగా ఈథరు పడితే మంట అక్కడే లేస్తుంది, ఇంజను లోపల కాదు. ఆయన ఆ డబ్బా కొననే లేదు. చలికాలపు డీజిలు పోస్తాడు, రాత్రి ఇంజనుకు కరెంటు హీటరు తగిలిస్తాడు, అంతే. ఇక షెడ్డు తలుపు మూసి ఇంజను వేడెక్కించమనే సలహాకి ఒక్క వాక్యం చాలు: ఆ పొగలోని విషవాయువుకి వాసన లేదు, తలుపు బార్లా తెరవండి.

తోసే పద్ధతిలో కూడా ఒక తప్పు మాట వింటారు: "తొలి మంచు కొంచెమే, దారి పక్కకి నెట్టెయ్." కంకర దారి మీద మొదటి రెండంగుళాలు తోయకుండా చక్రాలతో తొక్కి గట్టిపరచండి, లేకపోతే వసంతంలో కంకరంతా గడ్డిలో ఏరుకోవాలి. ఆ తర్వాత పడ్డదాన్ని మాత్రం వీలైనంత దూరం తోయండి. దారి అంచున వదిలింది జనవరికి గోడవుతుంది, ఆ గోడ మధ్య ఇక బ్లేడు తిరగదు. రోడ్డు అవతలికి తోయకండి, అది చట్టవిరుద్ధం. మీ దారిలో రోడ్డు వైపు తిరిగి నిలబడితే మీకు ఎడమ చేతి పక్కన ఒక జేబులా ఖాళీ చేయండి. ప్రభుత్వపు మంచు తోసే బండి ఆ వైపు నుంచే వస్తుంది, మోసుకొచ్చిన మంచులో చాలా భాగం మీ గుమ్మానికి ముందే ఆ జేబులో రాలిపోతుంది.

పని అయ్యాక బ్లేడును ఎత్తి వదిలేయకండి, రాత్రికి లిఫ్టు మెల్లగా జారి కిందున్న దేని మీదైనా దిగుతుంది. తడి నేల మీదా దించకండి, తెల్లారేసరికి నేలకి అతుక్కుపోతుంది. రెండు చెక్క పలకలు పరిచి వాటి మీద దించండి. నావి షెడ్డు గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉంటాయి, సీటు మీద నుంచి వంగితే చేతికందేలా.