ఒక్క సెమిస్టరులో సృష్టంతా!

2023-24లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి తెచ్చింది. వృక్షశాస్త్రమైనా జంతుశాస్త్రమైనా మొదటి సెమిస్టరులో ఉమ్మడి పరిచయ పేపర్లే పెట్టారు. వర్గీకరణ, కణం, జన్యువు, పరిణామం అన్నీ ఒకే పేపరులో! కోట్ల ఏళ్ల పరిణామాన్ని సంక్రాంతి సెలవుల్లోపే ముగించాలన్నమాట.

సంస్కరణ మంచిదే. కానీ నందిగామ కుర్రాడు, పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తిపై జవాబును గైడు చూసి బట్టీ పడుతున్నాడు. వాళ్ల చేలో అదే బీటీ కాయను చీల్చి చూస్తే, గులాబీ రంగు పురుగు తాపీగా గింజ తింటూ కనిపిస్తుంది. బీటీ విషానికి లొంగని పురుగే మిగిలి పిల్లల్ని కంటుంది. ప్రకృతి వరణమంటే అదే కదా! జగ్గయ్యపేట మిరప పూలు దులిపితే రాలేవి నల్ల తామర పురుగులు. ప్రాక్టికల్ రికార్డులో మాత్రం సీనియర్ గీసిన బొమ్మే.

విద్యామండలి పెద్దలూ, ఒక్క ప్రాక్టికల్ అయినా చేలో పెట్టించండి. అక్కడ పురుగుల హాజరు నూటికి నూరు శాతం!