పెట్టెకు ఐదు నూర్లు

పరగోడు దగ్గర, చిత్రావతికి దాపున ఒక రైతుకు పట్టుపురుగుల ఇల్లుంది. పంటకూ పంటకూ మధ్య కొన్నాళ్లు అది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చూసుకుని రైతు మనవడు బెంగళూరు నుంచి తన బ్యాండును వెంటేసుకుని దిగాడు. నలుగురు కుర్రాళ్లు, ఒక రికార్డింగ్ ఇంజనీరు, వ్యాను నిండా సామాను.

హెవీ మెటల్ ఆల్బమ్. డ్రమ్సు, బేసు నగరంలోనే అయిపోయాయి. గిటార్లు మిగిలాయి. నగరంలో ఆ మోతకు పక్కింటివాళ్లు పోలీసులకు ఫోను చేస్తారు. ఇక్కడ పక్కిల్లంటే మల్బరీ తోట.

మనవడే లీడ్ గిటారు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా ఆడినప్పుడు వాడు జనంలో ఉన్నాడు. ఆ రాత్రి నుంచి వాడికి ఆంపుల పిచ్చి. ఏ రికార్డు ఏ ఆంపు మీద తీశారో నిద్రలో లేపినా చెబుతాడు. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ గిటార్లకు మెసా బూగీ మార్క్ టూ సీ ప్లస్. పాంటెరా డైమ్‌బ్యాగ్‌కు అందరూ చిన్నచూపు చూసే ట్రాన్సిస్టర్ ర్యాండల్.

తన ఆల్బమ్‌కు మూడు ఆంపులు అద్దెకు తెచ్చాడు. రిథమ్‌కు మెసా రెక్టిఫయర్: అడుగున గోడ కట్టినట్టు మోగాలి. పాట మొదట్లో వచ్చే మెత్తని మీటుకు రోలండ్ జాజ్ కోరస్: ఎంత పెంచినా బొంగురుపోదు. సోలోకు మార్షల్ జేసీఎం 800. సోలోను కూడా మెసా మీదే వాయిస్తే రిథమ్‌లో కలిసిపోయి కనబడదని వాడి వాదన. మార్షల్‌కు మధ్యస్వరాలు ముందుకు పొడుచుకొస్తాయి.

గిటారు వైరును మూడు పాయలు చేసి మూడు ఆంపులకూ కలిపారు. ఒక్కో పెట్టె ముందు ఒక్కో మైకు, స్పీకరు నడిబొడ్డు నుంచి కాస్త పక్కకు. మూడూ ఒకేసారి రికార్డవుతాయి. ఏ భాగానికి ఏది కావాలో తర్వాత ఏరుకోవచ్చు. ఎడమ మెసా, కుడి రోలండ్, నడుమ మార్షల్. పెట్టెల మధ్య, పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలు అడ్డం నిలబెట్టారు. వాల్వు ఆంపులకు రెండు స్విచ్చులుంటాయి. మొదటిది వేస్తే దీపం వెలిగి వాల్వులు కాగుతాయి. కాగాక రెండోది వేయాలి. రోలండ్‌కు వాల్వుల్లేవు, ఆ గొడవ లేదు. డ్రమ్ము కుర్రాడు స్విచ్చులు వేసి వచ్చాడు. మూడు దీపాలూ వెలిగాయి.

ఊళ్లో కరెంటుకు నిలకడ లేదు. జనరేటరు కోసం మైకుసెట్టు తాతను పిలిపించారు. గడిదం తేరుకూ, పెళ్లిళ్లకూ, ఎలక్షన్లకూ ఆ చుట్టుపక్కల మోగేది ఆయన అహూజానే.

“జనరేటరుకు ఎంత తాతా?”

“మా లెక్క పెట్టెల మీదనే నాయనా. మోగే పెట్టెకు ఐదు నూర్లు, తెల్లారేదాకా. డీజిలు నాదే.”

మనవడు మూడు పెట్టెలూ చూపించి పదహైదు నూర్లు ముందే ఇచ్చేశాడు.

రాత్రి రిథమ్ మొదలైంది. అదే వరసను రెండుసార్లు వాయించాడు, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. వేదిక మీద కంటే గరగర తగ్గించాడు. రెండు పొరలు కలిస్తే అదే చిక్కబడుతుంది. తర్వాత రోలండ్ మీద మెత్తని మీటు. మధ్యలో టీ తాగుతూ తాతకు కథ చెప్పాడు. 1964లో లండన్‌లో కింక్స్ బ్యాండు కుర్రాడు డేవ్ డేవీస్ చిన్న ఆంపు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. ఆ గరగరతో తీసిన పాట ఇంగ్లండులో మొదటి స్థానానికి ఎక్కింది.

“మా పెట్టెను ఎలుకలు కోసినాయి. ఎవురూ పాట కట్టల్యా,” అన్నాడు తాత.

అర్ధరాత్రి దాటాక సోలో. అందరూ బయటి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. “నడిమి మైకు తక్కువొస్తోంది,” అన్నాడు ఇంజనీరు. “పెంచు,” అన్నాడు మనవడు. ఇంజనీరు పెంచాడు.

వైర్లు చూసి వస్తానని తాత లోపలికెళ్లాడు. మైకుసెట్టు పనిలో పెట్టెకు చెవి పెట్టరు, అరచేయి పెడతారు. మెసా గుడ్డ మీద అరచేయి ఆనించి తీశాడు. రోలండ్ మీద ఆనించి తీశాడు. మార్షల్ మీద ఆనించి అట్లే నిలబడ్డాడు. కాసేపటికి ఆ చెయ్యి తీసి ఇంకో చెయ్యి పెట్టాడు.

తలుపు సందులోంచి మనవడు చూశాడు. గిటారు ఆపి లోపలికొచ్చాడు.

“తాతా, దాన్ని ముట్టుకోవద్దు. అది నీ అహూజా కాదు.”

“అది కాదు నాయనా, ఇది...”

“దీని సంగతి నీకు తెలీదులే. పోయి జనరేటరు చూసుకో.”

తాత పోయి జనరేటరు చూసుకున్నాడు.

తెల్లవారుజామున సోలో ముగిసింది. ఇంజనీరు మూడు మైకులూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించాడు. మెసా మైకులో సోలో రిథమ్‌లో మునిగింది. రోలండ్‌లో పలచబడింది. నడిమి మైకు వినిపించగానే నలుగురూ లేచి నిలబడ్డారు. స్వరం మొహాన కొట్టడం లేదు. కాస్త దూరాన, గది నిండా పరుచుకుని, చుట్టూ గాలి ఆడుతున్నట్టుంది.

“ఇదీ మార్షల్ అంటే,” అన్నాడు మనవడు. “ఈ గాలి మెసా నుంచి జన్మలో రాదు. దీన్ని పట్టుకోవాలంటే చెవి ఉండాలి.”

ఇంజనీరు తలూపాడు. రాబోయే ఆల్బమ్ మొత్తం ఈ ఆంపు మీదే తీయాలని నలుగురూ తీర్మానించారు. ఆ నాదం చెయ్యి జారిపోకూడదని మనవడు మార్షల్ ముందు మోకాళ్ల మీద కూర్చుని నాబ్ నాబ్‌కూ ఫోటో తీసుకున్నాడు.

బయట తాత జనరేటరు ఆపి తాడు చుట్టాడు. బనియను జేబులోంచి ఐదు నూర్ల నోటు తీసి మనవడి చేతిలో పెట్టాడు.

“ఇదేంది తాతా?”

“మూడు పెట్టెలకిచ్చినావు కదప్పా. నడిమిది రేయంతా మోగల్యా, ఉత్త దీపమే ఎలిగింది.”