చిలుము పట్టిన హోదా

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ కూసింది. రాష్ట్రమంతటా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్ల దారి పట్టాయి. ఆళ్లగడ్డ అయినా పాములపాడు అయినా తంతు ఒకటే. 

ఊహకు ఒక పెద్దాయనను తీసుకుందాం. తెల్ల స్కార్పియో దిగి, తుపాకీతో పాటు తూటాల డబ్బా రైటరు బల్ల మీద పెడతాడు. రైటరు ఇరవై ఐదూ లెక్కపెట్టి ఒకచోట ఆగుతాడు.

"అన్నా, ఈ ఐదూ పచ్చగా అయినాయి గదా. ఈడనే ఇచ్చేసి పోరాదా?"

"ఇచ్చేస్తే పుస్తకంలో ఇరవయ్యే పడ్తాది గదప్పా. ఎలక్షన్ల ముందర తగ్గించుకుంటే ఎట్లా?"

రాయలసీమలో తూటా కాల్చుకోవడానికి కాదు, లెక్కకు. పెద్దాయన దగ్గరున్నది ఈశాపూర్‌లో తయారైన .32 అశని పిస్టల్. పొద్దున స్లైడు లాగి తూటా ఎక్కిస్తాడు, రాత్రి దింపి మళ్లీ దాన్నే మ్యాగజైనులో అన్నిటికన్నా పైన పెడతాడు. మర్నాడు ఎక్కేది అదే. ఎక్కినప్పుడల్లా ముక్కు తగులుకుని గుండు వెంట్రుకవాసి చొప్పున ఇత్తడి కేసులోకి దిగుతుంది. లోపల మందు అంతే, చోటు మాత్రం తగ్గుతుంది. విజిల్‌కు మెతుకు అడ్డంపడ్డ కుక్కర్ పరిస్థితి. ఒత్తిడి హద్దు మీరితే పగిలేది శత్రువు తల కాదు, పెద్దాయన చేతిలోని పిస్టలే. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పొట్టిదైతే పక్కన పెట్టేయాలి, కాల్చకూడదు. సొట్టపోయినదానికీ, కేసు చీలినదానికీ ఇదే మర్యాద.

ఇక పచ్చగా మారిన ఆ ఐదు. తోలు బెల్టు గూళ్లలో ఏళ్ల తరబడి ఉంచితే, తోలు పదును చేసిన రసాయనాలకు ఇత్తడి చిలుము పట్టక మానదు. ఉగాదికి ఇల్లు దులిపే ఉత్సాహంలో వాటినీ చెంబుల వరసలో చేర్చి చింతపండు పెట్టి తోమేవాళ్లు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మెరుపు వస్తుంది, నిజమే. పులుసు నీళ్లు నిప్పు అందించే ప్రైమరులోకి దిగితే తూటాయే పనికిరాకుండా పోతుంది. నూనె పూసినా అంతే. నూనె తుపాకీకి, తూటాకు కాదు.

అటక మీదో గొడ్లపాకలోనో దాచే తెలివికి వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం తూటాలను గుర్రపుసాలల్లో పెట్టింది. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా ఇత్తడి కేసులకు పగుళ్లు తెప్పించింది. కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. మన ఆవులు ఈ విషయంలో గుర్రాలకు ఏమీ తీసిపోవు. తూటాలకు కావలసింది పొడిగా, చల్లగా ఉండే చోటు, కొన్నప్పటి డబ్బా. అంతకుమించి భోగాలు అక్కర్లేదు.

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. ఏం చేస్తారు? గొట్టంలోకి తొంగిచూస్తారు! నిప్పు ఆలస్యంగా అందుకునే తూటాలు ఉంటాయి కాబట్టి, గొట్టం మనుషులు లేని దిక్కుకు తిప్పి కనీసం ముప్పై సెకన్లు ఆగి, ఆ తర్వాతే దింపాలి. 'టప్'మని నీరసంగా మోగితే ఇంకా ప్రమాదం. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. 1993 మార్చిలో 'ది క్రో' సినిమా షూటింగులో బ్రాండన్ లీ చనిపోయింది ఇలాంటి గుండు వల్లనే. మందు తీసేసి ప్రైమర్ వదిలేసిన ఉత్తుత్తి తూటా గుండు గొట్టంలో చిక్కుకుంది. తర్వాత దాని వెనక గుండు లేకుండా మందు మాత్రమే ఉన్న తూటా పేల్చారు. బ్రూస్ లీ కొడుకైన అతనికి అప్పటికి 28 ఏళ్లు.

పనికిరాని తూటాను బనకచర్ల రెగ్యులేటర్ దగ్గర కాలవలోకి విసిరేయడం, పొలంగట్టున పాతేయడం, పొయ్యిలో వేయడం... ఇవన్నీ తెలివైన ఉపాయాల్లాగే కనిపిస్తాయి. పాతిపెట్టిన సరుకు ఎవరి పారకు తగులుతుందో నాటుబాంబుల సీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొయ్యిలో పేలితే గుండు దూరం పోదు గానీ, కేసు ముక్కలు కళ్లు తీయగలవు.

అన్నిటికన్నా వింత, బ్యాగు అడుగున మరిచిపోవడం. విమానాశ్రయాల్లో ఒంటరి తూటా దొరికిందన్న వార్త తరచూ చదువుతుంటాం. స్వాధీనంలో ఉందనాలంటే ఉన్నట్టు ఎరుక కూడా ఉండాలని 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి "నాకు తెలియదు సారూ" అన్న మాటకు కోర్టులో విలువ ఉంది. విమానం మాత్రం అంతవరకూ ఆగదు. 2016 ఆయుధ నియమాలు లైసెన్సు అడిగేవాళ్లకు తుపాకీ, తూటాల భద్రతపై శిక్షణ పెట్టాయి. ఆయుధ చట్టం 21వ సెక్షన్ కూడా, ఉంచుకునే హక్కు పోయిన తూటాలను పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించమంటుంది. చెడిపోయినవాటికీ దారి అదే. ముందు ఫోను చేసి, ఆ ఐదూ విడిగా డబ్బాలో పెట్టి, లైసెన్సు పుస్తకం వెంట తీసుకెళ్లి, రసీదు రాయించుకుని రావాలి.