ఆ లిఫ్టు నెమ్మదిగా దిగేది

దసరా సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు మొన్న నా కళ్ల ముందే ‘మాస్ ఎఫెక్ట్’ అనే వీడియో గేమ్‌లో, సిటాడెల్ అనే అంతరిక్ష కేంద్రం లిఫ్టెక్కాడు. ఎక్కీ ఎక్కగానే ఏదో బటన్ నొక్కాడు. అంతే, లిఫ్టు కిందికి చేరిపోయింది.

“ఒరేయ్, ఆగరా! వాళ్లు మాట్లాడుకుంటున్నారు.”

“ఎవరు మావయ్యా?”

“నీ వెనకాల నిలబడ్డవాళ్లురా. గారస్, రెక్స్.”

“తర్వాత యూట్యూబ్‌లో చూస్తాలే.”

ఏమంటాం? ఆట ఆడుతూ ఆటలో మాటలు యూట్యూబ్‌లో వినే కాలమిది.

మా రోజుల్లో ఆ లిఫ్టుకి బటన్ లేదు. ఎక్కితే దిగేదాకా నిలబడాల్సిందే. అది అసలు లిఫ్టే కాదని చాలామందికి తెలీదు. అదొక తెర. ఎక్స్‌బాక్స్ 360 జ్ఞాపకశక్తి మొత్తం కలిపి 512 ఎంబీ. అందులో ఒక అంతస్తు దించి ఇంకో అంతస్తు ఎక్కించేదాకా మనల్ని ఆ పెట్టెలో పెట్టి తలుపేసేవాళ్లు. ఊరికే నిలబెడితే తిడతామని పక్కనున్న ఇద్దరి చేత కబుర్లు చెప్పించారు. ఎవరిని వెంట తీసుకెళ్తే వాళ్ల కబుర్లు. గారస్ ట్యూరియన్ జాతివాడు, రెక్స్ క్రోగన్. ట్యూరియన్‌కీ క్రోగన్‌కీ తరాల పగ, అది లిఫ్టులో కూడా వదలదు. ఎవరూ మాట్లాడకపోతే పైన స్పీకర్లో వార్తలు. మనం పోయిన వారం ఏ గ్రహంలో ఏం వెలగబెట్టామో అక్కడ వార్తగా చదివేవాళ్లు. నోవేరియా గ్రహంలో నేను చేసొచ్చిన పని నాకే వినిపించిన రోజు, మా గదిలో నలుగురినీ లేపి వినిపించాను. అర్ధరాత్రి రెండింటికి. ముగ్గురు తిట్టారు. నాలుగోవాడు లేవలేదు.

ఆ గది ఎస్సార్ నగర్‌లో. ఆట 2007 నవంబర్లోనే ఎక్స్‌బాక్స్ మీద వచ్చింది కానీ, ఆ పెట్టె కొనే స్తోమత మాకెక్కడిది? 2008 మేలో కంప్యూటర్ మీదికి వచ్చాకే మా వంతు. సికింద్రాబాద్ సీటీసీలో మెట్లెక్కి దిగి, బేరమాడి, 8600 జీటీ గ్రాఫిక్స్ కార్డొకటి తెచ్చాను. అది పెనంలా కాలేది. అందుకని క్యాబినెట్ తలుపూడదీసి, గదిలో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాన్‌ని దాని వైపు తిప్పేవాణ్ని. గాలి కార్డుకి, చెమట మాకు. ఆటకి 12 జీబీ ఖాళీ కావాలి. మా హార్డ్ డిస్కే 80 జీబీ, అందులో సగం రూమ్మేట్ దాచుకున్న పాత సినిమాలు. ఏ సినిమా తుడవాలన్న దాని మీద జరిగిన పంచాయితీ ఆటకంటే పెద్దది. ఇప్పుడు మూడు ఆటలూ కలిపిన ఈ లెజెండరీ ఎడిషన్‌కి 120 జీబీ అడుగుతోంది. మావాడు చూసి “ఓకే” నొక్కాడు.

మూడు ఆటలు చేసింది కెనడాలో ఎడ్మంటన్ ఊరివాళ్లు, బయోవేర్. 2007, 2010, 2012. వాటికి కొత్త రంగులేసి 2021 మే 14న మళ్లీ వదిలారు. వదిలేముందు అభిమానులు ఏమేం అడిగారో ఆ జాబితా నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే అందులో సగం నేనూ అరిచినవే. మొదటి అరుపు, మాకో బండి.

ఆరు చక్రాల మాకోని నడపడం అంటే తాడు తెంపుకున్న మేకపిల్లని పట్టుకోవడమే. చిన్న రాయి తగిలితే గాల్లోకి లేచేది. నిట్టనిలువు కొండ మాత్రం బల్లిలా ఎక్కేది. ఓ రాత్రి దిక్కుమాలిన గ్రహం మీద అరగంట తిరిగి, ఖనిజాలేరుకుని, సేవ్ చేయడం మర్చిపోయాను. ఆ ఆట తనంతట తాను సేవ్ చేసుకునే చోట్లు బహు తక్కువ. నేల పగిలి థ్రెషర్ మా అనే పాములాంటి భూతం సరిగ్గా బండి కిందే లేచింది. ఒక్క గుటక. ఖనిజాల్లేవు, బండి లేదు, అరగంట లేదు. రెండోసారి అంతా ఏరుకుని, ఈసారి బుద్ధిగా సేవ్ చేద్దామని మెనూ తెరిచానా, కరెంటు పోయింది.

కొత్తదాంట్లో మాకోకి బరువు పెంచారు. నేల మీద నిలుస్తుంది. బండిలోంచి కాల్చి చంపితే అనుభవం పాయింట్లు కోసేసే పాత పిసినారితనం కూడా తీసేశారు. బాగుంది, కాదనను. సామాన్ల సంచీ కూడా బాగుపడింది. అప్పట్లో 150 వస్తువులకి సంచీ నిండిపోయేది, నిండాక కూర్చుని ఒక్కొక్క తుపాకీనీ కరిగించుకుంటూ పోవాలి, చింతపండులో గింజలు తీసినట్టు. ఇప్పుడు చెత్తంతా గుర్తు పెట్టి ఒక్కసారే వదిలించుకోవచ్చు. కొన్ని కొత్త ప్రాసెసర్ల మీద నోవేరియాకి వెళ్తే మనుషులంతా నల్లటి గళ్ల ముద్దలైపోయేవాళ్లు, ఆ దరిద్రమూ వదిలింది. ఇవన్నీ సరే.

నా గొడవ తుపాకుల దగ్గర. పాత ఆటలో ఎవడు పడితే వాడు స్నైపర్ పట్టుకుంటే గురి తాగినవాడి చెయ్యిలా ఊగేది. సైనికుడిగా మొదలెట్టి, రైఫిల్ మీద పాయింట్లు ఒక్కొక్కటీ పోసుకుంటూ వస్తే, ఆ ఊగుడు మెల్లమెల్లగా తగ్గేది. పన్నెండో మెట్టుకి వచ్చేసరికి ఆ చెయ్యి కదలదు. ఆ సంగతి తెరమీద అంకె చెప్పక్కర్లేదు, గురి చూస్తే తెలిసిపోతుంది. దాన్నే రోల్ ప్లేయింగ్ ఆట అన్నారు. నా వేలు ఎంత చురుకన్నది కాదు, ఆటలో నా హీరో షెపర్డ్ ఏం నేర్చుకున్నాడన్నది లెక్క. జనం అరిచారు, “తుపాకీ నేరుగా పేలడం లేదు” అని. ఇప్పుడు ఏ తరగతివాడు ఏ తుపాకీ పట్టినా పాత శిక్షలేవీ లేవు. మావాడు మంత్రగాళ్ల బాపతు అడెప్ట్‌ని ఎంచుకుని, మొదటి అరగంటలోనే కిలోమీటరు దూరంలో ఉన్నవాడి తల పేల్చాడు. “చూశావా మావయ్యా!” అన్నాడు. చూశాను. నీ వేలు చూశానురా, నీ షెపర్డ్‌ని చూళ్లేదు.

ఇంకోటి, ఆ ఈడెన్ ప్రైమ్ ఆకాశం. మొట్టమొదటి మజిలీ అది. పాతదాంట్లో ఎర్రగా, మసిగా, ఊరు తగలబడుతోందని అడుగు పెట్టగానే తెలిసేది. కొత్తదాంట్లో వెలుతురు బాగా పడేలా చేసి, సాయంత్రం షికారుకి వెళ్లేలా ఉంది. గడ్డి మాత్రం చక్కగా కనబడుతోంది.

ఇంతా చేసి, మేం తిట్టినవి బాగుచేశారు గానీ, అడిగినవి వదిలేశారు. మూడో ఆటలో నలుగురు కలిసి ఆడే మల్టీప్లేయర్ ఉండేది. పది అలలు తట్టుకుని, పదకొండో అలలో హెలికాప్టర్ కోసం పరిగెత్తినట్టు ఓడ కోసం పరిగెత్తాలి. 2012లో రాత్రి పదకొండు దాటితే సింగపూర్ నుంచి ఒకడు, దుబాయ్ నుంచి ఒకడు, నేను, ఎక్కడివాడో తెలియని ఇంకొకడు. ఫైర్‌బేస్ వైట్ అనే మంచుకొండ స్థావరంలో గెత్ రోబోలు వచ్చే మూల పట్టుకుని, డబ్బులు పండించుకునేవాళ్లం. సింగపూర్ వాడు తెలుగువాడే, కాకినాడ. పడిపోతే “బావా, లేపు” అని అరిచేవాడు. ఆ దుబాయ్ వాడు కూడా కొన్నాళ్లకి “బావా” అనడం నేర్చుకున్నాడు. అదంతా ఎత్తేశారు. దాన్ని తిరిగి ఇమ్మని అడిగినవాళ్లు ఎంతమందో.

పినాకిల్ స్టేషన్ అని మొదటి ఆటకి 2009లో వచ్చిన అదనపు ముక్క ఉండేది. అదీ లేదు. దాని మూల ఫైళ్లు చెడిపోయాయట, దాచిపెట్టిన నకలు కూడా చెడిపోయిందట. నిజం చెప్పాలంటే అందులో యుద్ధాలు తప్ప ఏమీ లేవు, అప్పట్లో నాకూ నచ్చలేదు. అయినా తాతగారి పెట్టెలో ఓ ముక్క తగ్గితే తగ్గినట్టే కదా. చివరికి అభిమానులే కూర్చుని, కుట్టి, కొత్తదాంట్లోకి ఎక్కించారు.

ఇక ముగింపు. 2012లో మూడో ఆట చివర ఏం ఎంచుకున్నా దాదాపు ఒకే పేలుడు, రంగు మాత్రం వేరు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. మనవాళ్లైతే ధర్నా చేసేవాళ్లు. అక్కడివాళ్లు చందాలు వేసుకుని నాలుగొందల కప్‌కేకులు బయోవేర్‌కి పంపారు. పైన మూడు రంగుల క్రీము, లోపల అన్నీ ఒకే వెనీలా. తిట్టడంలో ఆ తెలివి మాకు రాలేదు. వాళ్లు వాటిని తినకుండా ఊళ్లో పిల్లల ఆశ్రయానికి ఇచ్చేశారు. ఆ జూన్‌లో ముగింపుని కొంచెం పొడిగించి ఉచితంగా ఇచ్చారు. కొత్త ఎడిషన్‌లోనూ ఆ పొడిగింపే ఉంది. పొడుగైంది తప్ప మారలేదు.

నిన్న రాత్రి మావాడు మొదటి ఆటలో వర్మైర్ గ్రహం చేరాడు. అక్కడ మన జట్టులోని కైడన్, ఆష్లీ ఇద్దరిలో ఒకర్ని వదిలేసి రావాలి. బటన్ నొక్కకుండా పది నిమిషాలు కూర్చున్నాడు. అన్నం చల్లారిపోయింది, మా ఆవిడ రెండుసార్లు పిలిచింది.

“నువ్వెవర్ని తెచ్చుకున్నావు మావయ్యా?”

చెప్పబోయి ఆగాను. చెప్పడమెందుకు, చూపిస్తే పోలా? 2008 నాటి నా షెపర్డ్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని, తాళాల గుత్తికి తగిలించుకుని తిరిగినవాణ్ని నేను. రెండో ఆటలోకి తీసుకెళ్లాలి కదా, హార్డ్ డిస్కుని నమ్మితే ఎలా? పాత సేవ్‌లు కొత్త ఎడిషన్ తీసుకుంటుందో లేదో నాకు తెలీదు. అయినా ఫైలు పేరైనా, తేదీ అయినా చూపిద్దామని బీరువాలో వెతికి, గుత్తితో సహా తెచ్చాను.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ల్యాప్‌టాప్ కుడి పక్క చూశాడు, ఎడమ పక్క చూశాడు.

“మావయ్యా, దీనికి ఆ బొక్కే లేదు.”