‘నాలుగు రోజులేడ్చి మర్చిపోతాడులే’

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో తల్లి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్‌కు బయల్దేరుతోందంటే సలహాలకు కొదవ ఉండదు. మొదటిది: ‘పిల్లోడు నిద్రపోయాక వెళ్లు, చూస్తే ఏడుస్తాడు.’ తల్లీ, ఈ మాట వినొద్దు. లేచేసరికి అమ్మ లేకపోతే ఆ బిడ్డకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. అవ్వ కొంగు చేతికి చుట్టుకుని పడుకుంటాడు, నడిరేయి లేచి పక్కన తడుముకుంటాడు. ఏడిస్తే ఏడవనీ. ఎక్కడికి వెళ్తున్నావో, ఎవరి దగ్గర ఉంటాడో, ఎప్పుడు ఫోన్ చేస్తావో ముందురోజే చెప్పి, ముద్దుపెట్టి మరీ వెళ్లు.

రెండోది అన్నిటికన్నా చెడ్డది: ‘నాలుగు రోజులేడ్చి మర్చిపోతాడులే.’ ఏడుపు ఆగితే బెంగ తీరినట్టని పెద్దల నమ్మకం. అది నిజం కాదని చూపిస్తూ, తల్లికి దూరమైన పిల్లల మీద పరిశోధించిన జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్‌లో 1952లో ఒక డాక్యుమెంటరీ సినిమా తెచ్చారు. అందులో లారా అనే రెండేళ్ల పాప, తల్లి పక్కన ఉండే వీల్లేని ఆస్పత్రిలో ఎనిమిది రోజులుంది. పెద్దగా ఏడవలేదు. ఇంటికి వెళ్లే రోజు మాత్రం తల్లి చెయ్యి పట్టుకోనంది. ఆ సినిమా చూసి డాక్టర్లు మొదట కోప్పడ్డారు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ మాత్రం, ఆస్పత్రుల్లో పిల్లల దగ్గరికి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని చెప్పింది.

మన ఇళ్లలోనూ అంతే. రెండేళ్లకు సెలవు మీద తల్లి వస్తే పిల్లోడు అవ్వ వెనక దాక్కుంటాడు. ‘ఎంత పొగరో చూడు’ అంటారు చుట్టాలు. అది పొగరు కాదు, మనసుకు తగిలిన దెబ్బ. బళ్లో అల్లరే చెయ్యరని అయ్యవారు మెచ్చుకునే పిల్లల్లో కూడా ఈ బెంగ ఉండొచ్చు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బడికెళ్లే వేళకే కడుపునొప్పి వస్తున్నా, అన్నం కెలికి వదిలేస్తున్నా పట్టించుకోండి.

‘మీ అమ్మ నీకోసమే అక్కడ చాకిరీ చేస్తోంది, బాగా చదువు’ అని రోజూ గుర్తుచెయ్యొద్దు. ఆ అప్పు మొయ్యడానికి వాడి భుజాలు చాలవు.

‘ఫోన్ తగ్గించు, బెంగ పెరుగుతుంది’ అన్నదీ తప్పే. బిడ్డకు కావలసింది చెప్పిన వేళకు వచ్చే ఫోన్. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగిసి రాత్రి పదైతే ఇక్కడ పన్నెండున్నర, పిల్లోడు నిద్రలో ఉంటాడు. అందుకని రోజూ వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపు, పొద్దున వింటాడు. అక్కడి 2015 చట్టం ఇంటిపని వాళ్లకు వారానికో రోజు సెలవు ఇవ్వాలంటుంది. ఆ సెలవు దొరికితే అందులో ఒక గంట బిడ్డదే.

అవ్వలకు ఒక మాట. ‘మగపిల్లోడివి, ఏడుస్తావా’ అనకుండా, ‘అమ్మ గుర్తొచ్చిందా నాయనా’ అని అడిగి పక్కన కూర్చోండి. వారాలు గడిచినా తేరుకోకపోతే, తాయెత్తు కట్టించి ఊరుకోకుండా 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, పైసా అడగరు.